ఎయిర్‌పోర్టు వైఫై: వదినా మరదళ్ల పేచీ

మా ఆవిడ ఓ బల్క్ డ్రగ్ కంపెనీలో ఎగుమతుల విభాగం చూస్తుంది. మా చెల్లెలిది గచ్చిబౌలిలో నెట్‌వర్క్ సెక్యూరిటీ ఉద్యోగం. ఏటా అక్టోబరు ప్రాంతంలో యూరప్‌లో సీపీహెచ్‌ఐ అనే మందుల ప్రదర్శన జరుగుతుంది. ఓ ఏడు ఫ్రాంక్‌ఫర్ట్, ఓ ఏడు మిలాన్, ఓ ఏడు బార్సిలోనా. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం కంపెనీల మార్కెటింగ్ వాళ్లని ఒకేచోట చూడాలంటే ఆ వారం అక్కడికెళ్తే చాలు. ఈసారి మిలాన్, దుబాయ్ మీదుగా. బయల్దేరే ముందు ఆఫీసు ఐటీ విభాగం ఓ సర్క్యులర్ పంపింది: పబ్లిక్ వైఫై వాడరాదు, తప్పనిసరైతే వీపీఎన్ పెట్టుకునే వాడాలి. దాని మీద మా ఇంట్లో సాగిన వాదన ఇది. నేను ఒకరికి మొగుణ్ణి, ఇంకొకరికి అన్నని. అందుకని అప్పుడు నోరు మెదపలేదు. రాసేటప్పుడు మాత్రం అక్కడక్కడా బ్రాకెట్లలో మెదిపాను.

వదిన: సర్క్యులర్‌లో తప్పేముందంటావు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల? దాని జోలికే పోకపోతే గొడవే లేదు.

మరదలు: జోలికి పోకుండా ఎలా కుదురుతుంది వదినా? దుబాయ్‌లో నాలుగైదు గంటలు ఖాళీ. అక్కడ కూర్చుని కొటేషన్ పంపకపోతే మీ ఎండీ ఊరుకుంటాడా? ఎవరూ పాటించరని అది రాసినవాళ్లకీ తెలుసు. రేపు ఏదైనా అయితే ‘ముందే చెప్పాం కదా’ అనుకోవడానికి రాసుకున్న కాగితం అది.

వదిన: భయం ఊరికే పుడుతుందా?

మరదలు: ఊరికే పుట్టలేదు, కాకపోతే పాతబడింది. 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామర్ ఫైర్‌షీప్ అని ఫైర్‌ఫాక్స్‌కి ఓ చిన్న ఎక్స్‌టెన్షన్ వదిలాడు. కాఫీ షాపులో కూర్చుని ఓ బటన్ నొక్కితే, అదే వైఫైలో ఫేస్‌బుక్కో ట్విటరో చూస్తున్నవాళ్ల పేర్లు ఫొటోలతో సహా పక్కన వరుసగా వచ్చేసేవి. ఒక పేరు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే వాళ్ల అకౌంట్‌లో ఉంటావు. పాస్‌వర్డ్‌తో పని లేదు. అప్పట్లో చాలా సైట్లు లాగిన్ పేజీ వరకే ఎన్‌క్రిప్ట్ చేసేవి. ఆ తర్వాత ‘ఈవిడ లోపలికి వచ్చేసింది’ అని గుర్తుపెట్టుకునే కుకీ మాత్రం ఏ ముసుగూ లేకుండా గాల్లో పోయేది. దాన్ని పట్టుకుంటే చాలు.

వదిన: మరింకేం, నా మాటే నువ్వు చెబుతున్నావు.

మరదలు: ఆగు. ఆ గోల తర్వాతే పెద్ద సైట్లన్నీ ప్రతి పేజీనీ ఎన్‌క్రిప్ట్ చేసే హెచ్‌టీటీపీఎస్‌కి మారాయి. 2015 చివరి నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దానికి కావాల్సిన సర్టిఫికెట్లు ఉచితంగా ఇస్తోంది కనుక చిన్న సైట్లకీ సాకు లేకుండా పోయింది. 2018 జులై నుంచి క్రోమ్, ఎన్‌క్రిప్షన్ లేని ప్రతి సైటుకీ పైన ‘నాట్ సెక్యూర్’ అని తగిలిస్తోంది. ఇప్పుడు నీ బ్యాంకు, జీమెయిల్, ఆఫీసు మెయిల్ అన్నీ ల్యాప్‌టాప్‌లో మూత పడి అటువైపు సర్వర్‌లోనే తెరుచుకుంటాయి. మధ్యలో వైఫై పెట్టినవాడికి దాదాపుగా తెలిసేది నువ్వు ఏ సైటుకి వెళ్లావన్నది, ఎంత డేటా పోయిందన్నది. లోపల ఏం రాశావో తెలీదు. ఒకప్పుడు పబ్లిక్ వైఫై అంటే హడలగొట్టిన అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషనే, ఎన్‌క్రిప్షన్ అంతటా వచ్చేసింది కాబట్టి మామూలుగా ఫర్వాలేదని ఇప్పుడు రాస్తోంది.

వదిన: అయితే ఆ ఆస్ట్రేలియా మనిషి జైలుకెందుకు పోయినట్టు? మా సర్క్యులర్‌లో మొదటి పేరాయే అది.

(ఆ కేసు సంగతి నేనూ చదివాను. విమానం గాల్లో ఉండగా అనుమానాస్పదమైన వైఫై ఒకటి కనిపిస్తోందని సిబ్బంది గమనించి ఫిర్యాదు చేశారు. 2024లో ఆస్ట్రేలియా ఫెడరల్ పోలీసులు అతని మీద కేసు పెట్టారు. పెర్త్, మెల్‌బోర్న్, అడిలైడ్ విమానాశ్రయాల్లోనూ, దేశీయ విమానాల్లోనూ అసలు వైఫై పేరుతోనే నకిలీది నడిపాడని అభియోగం. 2025లో ఏడేళ్ల పైచిలుకు శిక్ష పడింది, అందులో వేరే నేరాలూ కలిసి ఉన్నాయి.)

మరదలు: నేను చెప్పేదానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు. వాడు ఏ ఎన్‌క్రిప్షనూ పగలగొట్టలేదు. కనెక్ట్ కాగానే ఓ పేజీ చూపించాడు. మీ ఈమెయిల్‌తోనో సోషల్ మీడియా అకౌంట్‌తోనో సైన్ ఇన్ అవ్వండి, అంతే. జనం వాళ్ల చేతులతో వాళ్లే టైప్ చేసి ఇచ్చారు. నీ వీపీఎన్ అప్పటికి ఇంకా లేచి ఉండదు వదినా. ఆ పేజీ దాటితే గానీ ఇంటర్నెట్ రాదు, ఇంటర్నెట్ వస్తే గానీ వీపీఎన్ కనెక్ట్ కాదు. దోపిడీ జరిగేది సరిగ్గా ఆ సందులోనే.

వదిన: హోటల్లో కూడా అలాంటి పేజీ వస్తుందిగా. అన్నిటినీ అనుమానించి ఏం చేస్తాం?

మరదలు: ఏం అడుగుతోందో చూడు. హోటలైతే రూమ్ నంబరు, ఇంటిపేరు. ఎయిర్‌పోర్టయితే ఓ ఫోన్ నంబరో, ‘షరతులకు ఒప్పుకుంటున్నాను’ అన్న టిక్కో. వీలైతే ఎక్కడికీ వాడని వేరే మెయిల్ ఐడీ ఇవ్వు. పాస్‌వర్డ్ అడిగిందంటే, ‘గూగుల్‌తో లాగిన్ అవ్వండి’ అని బటన్ పెట్టిందంటే అక్కడితో ఆపెయ్. వైఫై ఇవ్వడానికి నీ మెయిల్ పాస్‌వర్డ్‌తో ఎవరికీ పని లేదు.

వదిన: పైన తాళం గుర్తు చూసుకోమంటారు కదా?

మరదలు: ఆ తాళం గుర్తే జనాన్ని పెడదారి పట్టిస్తోందని 2023లో క్రోమ్ తీసి పారేసింది. సర్టిఫికెట్ ఉచితం అన్నాను కదా, దొంగసైటుకీ ఉచితమే. నీకూ ఆ సైటుకీ మధ్య మాటలు మూడోవాడికి వినబడవని మాత్రమే ఆ గుర్తు చెప్పేది. ఆ సైటు వాడు ఎవడో చెప్పదు. నువ్వు పట్టించుకోవాల్సింది ఇంకోటి. మెయిల్ తెరుస్తుంటే తెర నిండా ‘మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు’ అని వచ్చిందనుకో, కింద అడ్వాన్స్‌డ్ అని చిన్న బటన్ ఉంటుంది. మనవాళ్లంతా పని అయిపోవాలని దాన్నే నొక్కి ముందుకెళ్తారు. వెళ్లకు. ఆ హెచ్చరిక చాలాసార్లు హోటల్ లాగిన్ పేజీ అడ్డు రావడం వల్లే వస్తుంది. అయినా సరే, ట్యాబ్ మూసేసి ముందు వైఫై లాగిన్ పూర్తి చేసుకో.

వదిన: సరే, ఎవడో నా మెయిల్ పాస్‌వర్డ్ పట్టుకుపోయాడనుకుందాం. అందులో ఏముంది, కిలో ఎంత, డ్రమ్ములు ఎన్ని...

మరదలు: ఏముందో నాకంటే నీకే బాగా తెలుసు.

(ఇక్కడ మా ఆవిడ కాసేపు ఆగింది. ఎగుమతుల వాళ్లలో ఈ కథ వినని వాళ్లుండరు. కొనేవాళ్లతో నెలల తరబడి బేరం నడుస్తుంది. సరుకు ఓడెక్కుతుంది. డబ్బు రావాల్సిన వారం కొనేవాళ్లకి ఓ మెయిల్ వెళ్తుంది: ఆడిట్ వల్ల మా బ్యాంకు అకౌంటు మారింది, కొత్త నంబరు ఇదిగో. ఇన్‌వాయిస్ మీద లోగో సరిగ్గా ఉంటుంది, బిల్ ఆఫ్ లేడింగ్ నంబరు సరిగ్గా ఉంటుంది, సంతకం కూడా. మెయిల్ అడ్రస్‌లో ఎం అక్షరం ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన అంటుకుని ఉంటాయి. తొందరలో చూస్తే ఎం లాగే ఉంటుంది. డబ్బు వేరే దేశంలో ఎవరి ఖాతాలోనో పడి, మర్నాటికి అక్కడా ఉండదు.)

వదిన: అది మాకు తెలిసిన వాళ్లకే జరిగింది. అయితే వాళ్లకి వైఫై వల్లే జరిగిందని ఎవరు చెప్పారు?

మరదలు: నేనూ చెప్పను. ఎక్కువసార్లు ఆఫీసులో కూర్చుని దొంగ లింకు నొక్కడం వల్లే జరుగుతుంది. కానీ ఏ వారం సరుకు ఎక్కిందో, ఏ వారం డబ్బు రావాలో వాడికి అంత కచ్చితంగా తెలిసిందంటే ఎవరో ఒకరి మెయిల్‌బాక్స్‌లో కూర్చుని చదువుతున్నాడన్నమాట. పాస్‌వర్డ్ ఎక్కడ పోయినా ఒకటే, గచ్చిబౌలిలోనైనా మిలాన్‌లోనైనా. అందుకే వైఫై గురించి రెండు పేజీలు రాసిన మీ ఐటీ వాళ్లు పాస్‌కీ గురించి ఒక్క ముక్క రాయకపోవడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

వదిన: ఓటీపీ ఉందిగా?

మరదలు: ఓటీపీని కూడా దొంగపేజీలో అడుగుతారు. నువ్వు కొట్టగానే వాడు అసలు సైటులో కొడతాడు. పాస్‌కీ అలా కాదు. అది నీ ల్యాప్‌టాప్‌కీ అసలు సైటు అడ్రస్‌కీ ముడిపడి ఉంటుంది. అడ్రస్‌లో ఒక్క అక్షరం తేడా ఉన్నా అసలు బయటికే రాదు. నువ్వు మోసపోయినా అది మోసపోదు. పైగా రోమింగ్‌లో ఓటీపీ మెసేజ్ కోసం సిమ్ వంక చూస్తూ కూర్చోవాల్సిన పనీ ఉండదు. బ్యాంకులు ఎలాగూ ఎస్ఎంఎస్‌నే పట్టుకు వేలాడుతున్నాయి కాబట్టి మన సిమ్ మాత్రం ఫోన్‌లో ఉండనివ్వు. డేటా రోమింగ్ ఆపెయ్, మెసేజ్‌లు వస్తాయి.

వదిన: ఇంతకీ వీపీఎన్ వద్దనేనా నువ్వనేది?

మరదలు: మీ ఆఫీసు వీపీఎన్ వద్దనను. అది నీ ల్యాప్‌టాప్ నుంచి మీ ఆఫీసు సర్వర్ దాకా వేసిన సొరంగం, అటు చివర మీ వాళ్లే ఉంటారు. యూట్యూబ్‌లో ప్రతివాడూ అమ్మే వీపీఎన్ గురించే నా గొడవ. వైరస్‌కి వీపీఎన్, దొంగలింకుకి వీపీఎన్, పాస్‌వర్డ్ పోతే వీపీఎన్. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం! అది చేసేదల్లా ఒకటే. హోటల్ వాడు చూడగలిగిన దాన్ని హోటల్ వాడి నుంచి దాచి వీపీఎన్ వాడికి చూపిస్తుంది. ఉచితంగా ఇచ్చేవైతే మరీ. ఆస్ట్రేలియా పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ వాళ్లు కొందరితో కలిసి 283 ఆండ్రాయిడ్ వీపీఎన్ యాప్‌లు పరీక్షించి 2016లో ఓ పత్రం రాశారు. వాటిలో 18 శాతం అసలు ఎన్‌క్రిప్టే చెయ్యడం లేదు. పేరేమో వీపీఎన్!

వదిన: డబ్బు కట్టి కొంటే?

మరదలు: కొంచెం నయం. అయినా వాడి మాట మీద నమ్మకమే. 2022 ఏప్రిల్‌లో మన ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్, వీపీఎన్ కంపెనీలు ఖాతాదారుల వివరాలు ఐదేళ్లు దాచాలని ఆదేశమిస్తే ఎక్స్‌ప్రెస్, నార్డ్, సర్ఫ్‌షార్క్ లాంటివి ఇక్కడి సర్వర్లే ఎత్తేశాయి. ఎవరు ఏ దేశంలో కూర్చుని ఏ చట్టానికి లోబడి ఏం దాస్తున్నారో నీకూ నాకూ కనబడదు. ఇంకోటి విను. 2024 మేలో లెవియాథన్ సెక్యూరిటీ వాళ్లు టన్నెల్‌విజన్ అని ఒకటి బయటపెట్టారు. వైఫైకి కనెక్ట్ కాగానే రూటర్ నీ ల్యాప్‌టాప్‌కి ఓ ఐపీ అడ్రస్ ఇస్తుంది కదా, దాంతోపాటే ‘ఫలానా డేటా ఈ దారిన పంపు’ అని కూడా చెప్పగలదు. అడ్రస్ ఇచ్చే ఆ పద్ధతి పేరు డీహెచ్‌సీపీ, అందులో ఇది 121వ ఆప్షన్, 2002 నుంచీ ఉన్నదే. రూటర్ దొంగదైతే ఆ ఆప్షన్‌తో నీ డేటాని వీపీఎన్ సొరంగంలోకి పోనివ్వకుండా బయటి దారి పట్టించొచ్చు. తెర మీద మాత్రం ‘వీపీఎన్ కనెక్టెడ్’ అనే ఉంటుంది. విండోస్‌లోనూ, మ్యాక్‌లోనూ కుదిరింది. ఆండ్రాయిడ్ ఆ ఆప్షన్‌నే పట్టించుకోదు కనుక అది బతికిపోయింది.

(మా చెల్లెలు ఇలాంటివి చెప్పేటప్పుడు దానికి ఎంత సంతోషమో! నాకు మాత్రం ఇందులో ఓ మెలిక కనబడింది. వీపీఎన్ విఫలమైన చోట కూడా హెచ్‌టీటీపీఎస్ కాపాడుతూనే ఉంటుందంటే దాని మొదటి వాదన బలపడుతుంది. కాని మా ఆవిడ అప్పటికే ఇంకో వైపు నుంచి నరుక్కొస్తోంది.)

వదిన: నువ్వు చెప్పేదంతా దారిన పోయే దానయ్యకి సరిపోతుంది. నన్నే వెతుక్కుంటూ వచ్చేవాడి సంగతేంటి? డార్క్‌హోటల్ అని నువ్వే ఓసారి చెప్పావు. క్యాస్పర్‌స్కీ వాళ్లు 2014లో బయటపెట్టారు. ఆసియా హోటళ్లలో దిగిన పెద్ద ఉద్యోగులు రూమ్ నంబరు, ఇంటిపేరు కొట్టి వైఫైలోకి రాగానే ‘ఫ్లాష్ అప్‌డేట్ చెయ్యండి’ అని వచ్చేదట. నొక్కితే దూరేవాడు. అందరికీ కాదు, ఎవరు ఎప్పుడు ఏ గదిలో దిగుతారో తెలిసి వాళ్లకే. పాస్‌వర్డ్ అడగలేదు, లాగిన్ పేజీ నిజంగానే హోటల్‌ది. నువ్వు చెప్పిన పరీక్షలన్నీ అది పాసవుతుంది. బాధితుల్లో మందుల కంపెనీల వాళ్లూ ఉన్నారు. సీపీహెచ్‌ఐ వారంలో ఒక్కో హోటల్లో ఎవరెవరు దిగుతారు? మా పోటీ కంపెనీ వాళ్లు పక్క గదిలో ఉంటారు, పొద్దున టిఫిన్ దగ్గర నమస్కారాలు పెట్టుకుంటాం. నా ల్యాప్‌టాప్‌లో రేట్లున్నాయి, మందు తయారీ వివరాలుండే డీఎంఎఫ్ ఫైళ్లున్నాయి, ఏ ఇంప్యూరిటీ ఎలా తగ్గించామో ఉంది. నన్ను మామూలు టూరిస్టు లెక్కలో వేస్తావేం?

మరదలు: (కాసేపాగి) వెయ్యకూడదు. నిజమే. ఇందులో నువ్వే నెగ్గావు.

వదిన: అదీ!

మరదలు: పూర్తిగా కాదులే. అలాంటివాడికి కూడా నువ్వు ‘అప్‌డేట్’ నొక్కాల్సి వచ్చింది చూడు. అమెరికా ఎఫ్‌బీఐ 2012 లోనే చెప్పింది, హోటల్ నెట్‌లో ఉండగా అప్‌డేట్ అని ఏది ఎగిరొచ్చినా నొక్కే ముందు మరింత జాగ్రత్తపడమని. అప్‌డేట్లన్నీ బయల్దేరే ముందు ఇంట్లో కానిచ్చెయ్. నొక్కకుండానే దూరినవాళ్లూ ఉన్నారు, అదీ ఒప్పుకుంటాను. 2017లో రష్యా బృందం ఒకటి యూరప్ హోటళ్ల నెట్‌వర్క్‌లో దూరి, అతిథుల విండోస్ ల్యాప్‌టాప్‌లు ఫైల్ షేరింగ్ కోసం చుట్టూ వేసే కేకలకి తానే బదులిచ్చి పాస్‌వర్డ్ హ్యాష్‌లు, అంటే పాస్‌వర్డ్‌ల గుప్తరూపాలు, లాగే సాధనాన్ని పెట్టింది. ఏదీ, నీ ల్యాప్‌టాప్ ఇలా తే.

(తెచ్చింది. సెట్టింగ్స్‌లో వైఫై, దాని కింద ‘మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్’. చెల్లెలు కిందికి జరుపుతూ పోయింది. ఎప్పుడో దిగిన హోటళ్లు, ఏదో కాఫీ షాపు, రెండు మూడు విమానాశ్రయాలు, ‘గెస్ట్’ అని మాత్రమే ఉన్న పేర్లు. సగం వాటికి పాస్‌వర్డే లేదు. అన్నిటికీ ‘ఆటోమేటిగ్గా కనెక్ట్ అవ్వు’ అన్న టిక్ పెట్టే ఉంది.)

మరదలు: చూశావా? పాస్‌వర్డ్ లేని వైఫైని ల్యాప్‌టాప్ పేరుతోనే గుర్తుపడుతుంది. ఆ పేరు ఎవడైనా పెట్టుకోవచ్చు. బ్యాగులోంచి తీసి మూత తెరవగానే నిన్నడక్కుండానే వెళ్లి వాడికి చుట్టుకుంటుంది. అన్నీ ఫర్గెట్ కొట్టు. ఇదిగో, హోటల్ వైఫై కలిపాక దాని ప్రాపర్టీస్‌లో ‘పబ్లిక్ నెట్‌వర్క్’ అని ఎంచుకో. ‘ప్రైవేట్’ అని ఉంటే పక్క గది ల్యాప్‌టాప్‌లకి నీది కనబడే వీలుంది. చాలామంది హోటల్ గది కదా అని ప్రైవేట్ పెడతారు!

వదిన: ఇదంతా ఎందుకు, నేను ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుంటే?

మరదలు: నీ కేసులో అదే మేలు. ఇటలీకి పనికొచ్చే ఈసిమ్ ఒకటి ఇక్కడే తీసుకో. కొటేషన్లు, డీఎంఎఫ్ పని దాని మీద, ఆఫీసు వీపీఎన్‌లో. సినిమాలూ పేపర్లూ హోటల్ వైఫైలో చూసుకో. ఇంకో మాట, ఆ డీఎంఎఫ్ ఫైళ్లు అసలు మిలాన్ దాకా ఎందుకు?

వదిన: ఎవరైనా అడిగితే?

మరదలు: అడిగితే ఆఫీసు సర్వర్‌లోంచి తీసి చూపించు. లేనిదాన్ని ఎవడూ దొంగిలించలేడు.

వదిన: స్టాల్‌లో జనం నిలబడి ఉంటే వీపీఎన్ తిరుగుతూ కూర్చుంటుందమ్మాయ్. నువ్వెప్పుడూ స్టాల్‌లో నిలబడలేదు. నాకు కావల్సినవి నా దగ్గరే ఉండాలి.

(ఈ ముక్క దగ్గర ఇద్దరూ తేలలేదు. ఆ వారానికి పనికొచ్చేవి తప్ప మిగతావి తీసేయడానికి మా ఆవిడ సగం మనసుతో ఒప్పుకుంది. నన్నడిగితే చెల్లెలిదే సరైన మాట. ఇంట్లో అన్నం తినాలి కాబట్టి ఆ మాట పైకి అనలేదు.)

వదిన: దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలవదు కదా. వీపీఎన్ వేస్తే కలుస్తుందని మా వాళ్లంతా వేస్తారు.

మరదలు: ఆఫీసు పనికి ఆఫీసు వీపీఎన్ వేరు, అక్కడ ఆపేసిన కాల్ కోసం వేరే వీపీఎన్ వేరు. నేరం చెయ్యడానికో దాచడానికో ఐపీ అడ్రస్ మార్చితే ఐదు లక్షల నుంచి ఇరవై లక్షల దిర్హాముల జరిమానా అని 2021 నాటి వాళ్ల చట్టంలో ఉంది. కాల్ చేసుకోవడం అందులోకి వస్తుందా రాదా అని అక్కడి పోలీసులతో వాదిస్తావా? మెసేజ్ పెట్టు.

వదిన: ఇన్ని చెప్పావు, ల్యాప్‌టాపే పోతే?

మరదలు: అసలు భయపడాల్సింది దానికే. సెక్యూరిటీ చెక్ ట్రేలో పోతుంది, ట్యాక్సీలో పోతుంది. డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందిలే, చూశాను. కాని బయటికెళ్లేటప్పుడు మూత వెయ్యడం కాదు, షట్‌డౌన్ చెయ్యి. ఒక్కోసారి అక్కడ ఆన్ చెయ్యగానే రికవరీ కీ అడుగుతుంది, 48 అంకెలు. అది లేకపోతే స్టాల్‌లో ఖాళీ చేతులతో నిలబడతావు. ఆ కీ ల్యాప్‌టాప్ బ్యాగులో మాత్రం పెట్టకు. అన్నయ్య దగ్గర ఉంచు, ఫోన్ చేస్తే చదువుతాడు.

వదిన: మీ అన్నయ్య రాత్రి పదింటికల్లా ఫోన్ సైలెంట్‌లో పెడతారు. మిలాన్‌లో అప్పటికి ఆరున్నరే.

మరదలు: అయితే ఆ వారం పెట్టడు.